పనికి పోయే తల్లి, ఇంట్లో మిగిలే బిడ్డ
మన మూడు తాలూకాల్లో పిల్లల సంరక్షణ: నిన్నటి కథ, నేటి లెక్క

ఏటా ఈ పుస్తకంలో పొదుపు, అప్పులు, వసూళ్ళ లెక్కలు అయినాక మన ప్రాంతం గురించి ఒక వ్యాసం రాసుకుంటున్నాం. ఈ ఏడు ఏం రాయాలో మేము వెతుక్కోలేదు. విషయం తనే మన మీటింగుకు వచ్చింది.

2023 డిసెంబర్ 12న రాష్ట్రమంతటా అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు సమ్మెకు దిగిన సంగతి మీకందరికీ తెలుసు. జనవరి 22 రాత్రి చర్చలు కుదిరేదాకా 42 రోజులు నడిచింది. మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు అది పత్తి తీసే కాలం, శనగ చేలల్లో పనుండే కాలం. ఆ రోజుల్లో జరిగిన మీటింగులో, సెంటర్లు మూతబడి మీకు ఏం ఇబ్బంది కలిగిందని సభ్యులను అడిగాం. గుడ్డు ఆగిపాయ, పాలు ఆగిపాయ అన్నారు కొందరు. పిల్లోడు ఇంటికాడ ఉంటే టీవీ కాడనుంచి లేవడం లేదన్నారు ఇంకొందరు. పులివెందుల వైపు నుంచి వచ్చిన ఒక చిన్న వయసు సభ్యురాలు మాత్రం అందరూ మాట్లాడేదాకా ఊరుకొని, ఆఖర్న అనింది: "నా బిడ్డకు ఏడాదిన్నర. సెంటరు తెరిచినా ఒకటే, మూసినా ఒకటే. తెరిచిన్నాడు మాత్రం నా బిడ్డను పెట్టుకుంటారా?"

అంతవరకు మేము సమ్మె గురించే ఆలోచిస్తున్నాం. ఆ మాటతో వేరే ప్రశ్న పుట్టింది. ఇన్నేళ్ళుగా మన ఊళ్ళలో పిల్లల కోసం పెట్టిన ఏర్పాట్లు తల్లి అవసరానికి సరిపోతున్నాయా? సరిపోకపోతే ఎందుకు సరిపోవడం లేదు? జవాబు కోసం వెనక్కి పోవాల్సి వచ్చింది.

మన అవ్వల కాలంలో బిడ్డను చూసుకునే ఏర్పాటు అంటే చేనిగట్టున చెట్టు. వేపకొమ్మకో చింతకొమ్మకో పాత చీర కట్టి, బిడ్డను అందులో వేసి, కలుపు తీస్తూ ఒక చెవి అటే పెట్టుకునేవాళ్ళు. చెట్టు లేని నల్లరేగడి చేలల్లో గంప బోర్లించి నీడ చేసేవాళ్ళు. బిడ్డ ఏడవకుండా నాలుకకు ఇంత నల్లమందు రాసే అలవాటు దేశంలో చాలాచోట్ల ఉండేది. మందు ఎక్కువై లేవని బిడ్డలూ ఉండేవాళ్ళు. చెట్టు, గంప, నల్లమందు కాకపోతే పెద్దబిడ్డ. ఏడెనిమిదేళ్ళ ఆడపిల్ల సంకలో ఏడాది తమ్ముడు. ఈ పుస్తకం చదివేవాళ్ళలో అట్లా తమ్ముళ్ళను ఎత్తుకొని నడుం వంగిన అక్కలు తక్కువేం లేరు.

సర్కారు మన పిల్లలను మొదటిసారి పట్టించుకున్నది కరువులో. 1876 నుంచి 1878 దాకా వచ్చిన ధాత కరువు మన సీమను ఊడ్చేసింది. రోడ్ల మీద రాళ్ళు కొట్టే కరువు పనులకు తల్లులు పోతే వెంట పిల్లలు పోయినారు. ఆ కరువు తర్వాత కూర్చున్న కమిషన్ 1880లో నివేదిక ఇచ్చింది, ఆపైన కరువు నిబంధనలు రాశారు. పనిచేయలేని పిల్లలకు కరువు పని దగ్గరే గంజి పోయడమో, డోలు ఇవ్వడమో చేయాలని వాటిలో పెట్టారు. 1952 కరువులో రాయలసీమలో తెరిచిన గంజి కేంద్రాలు మన జేజిలకు బాగా గుర్తు. అంటే మన ప్రాంతంలో బిడ్డ గురించి సర్కారు ఆలోచన పుట్టింది గంజి గిన్నె దగ్గర. బిడ్డ చావకుండా చూడాలన్నది దాని లెక్క. తల్లి పనికి పోయినప్పుడు బిడ్డను ఎవరు పట్టుకోవాలన్నది ఆ లెక్కలో లేదు. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, ఇప్పటిదాకా నడిచిన కథంతా ఇదే.

స్వాతంత్య్రం వచ్చినాక ఈ పనికి పెద్ద దారి వేసింది మన తెలుగింటి ఆడబిడ్డే. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలు. ఆమె కాలంలో ఊళ్ళకు బాల్వాడీలు వచ్చాయి. పాటలు, ఆటలు, పాలపొడి పాలు. పేరుకు అవి చిన్నపిల్లల బడులు. రెండు మూడు గంటలు నడిచి మూతపడేవి. ఆ రెండు మూడు గంటల్లో ఏ కూలిపని అయిపోతుంది?

తల్లి పనిని, బిడ్డ సంరక్షణను కలిపి చూసినవాళ్ళు లేకపోలేదు. 1969లో ఢిల్లీలో కట్టడం పని జరిగే చోట, దుమ్ములో పడి ఉన్న కూలీల పిల్లలను చూసి మీరా మహదేవన్ అనే ఆమె అక్కడే గుడారం వేసి మొబైల్ క్రెష్‌లు మొదలుపెట్టింది. పని ఎక్కడికి పోతే పిల్లల గుడారం అక్కడికి పోయేది. 1972లో మీనా స్వామినాథన్ నాయకత్వంలో ఒక కమిటీ, బడి ఈడు రాని పిల్లల గురించి కేంద్రానికి నివేదిక ఇచ్చింది. బిడ్డకు తిండి, ఆరోగ్యం, ఆటపాట వేరు వేరు కావనీ అన్నీ ఒకచోట కలవాలనీ అందులోని ముఖ్యమైన మాట.

ఆ ఆలోచనల్లోంచి 1975 అక్టోబర్ 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం పుట్టింది. దేశం మొత్తంలో 33 ప్రాజెక్టులతో మొదలు. మన పక్క అనంతపురం జిల్లాలోని కంబదూరు ఆ తొలి విడతలో ఉంది. తర్వాత మెల్లమెల్లగా మన తాలూకాలకూ అంగన్‌వాడీలు వచ్చాయి. ఈరోజు రాష్ట్రంలో 55 వేలకు పైగా సెంటర్లు ఉన్నాయి.

ఈ పథకం కింద ఆరు సేవలు అని చెబుతారు. అనుబంధ పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పెద్దాసుపత్రికి పంపడం, బడి ముందు చదువు, తల్లులకు పోషణ ఆరోగ్య విద్య. మీటింగులో ఈ ఆరూ ఒక్కొక్కటి చదివి వినిపించినాం. తల్లి పనిలో ఉన్నంతసేపు బిడ్డను చూసుకోవడం అన్నది ఆరింటిలో ఎక్కడుందని అడిగినాం. లేదు. మూడేళ్ళ లోపు బిడ్డకు బాలామృతం ప్యాకెట్ ఇంటికి ఇస్తారు. ప్యాకెట్‌తో పాటు బిడ్డా ఇంటికే. మా చిన్న సభ్యురాలి ప్రశ్నకు జవాబు 1975లోనే రాసి పెట్టి ఉంది.

దీన్ని చదివి అంగన్‌వాడీ వల్ల లాభం లేదనుకుంటే అన్యాయం. టీకా కోసం ప్రొద్దుటూరు దాకా బస్సెక్కాల్సిన పని తప్పింది. బరువు తూచి, బిడ్డ ఎండిపోతోందని తల్లికి ముందుగా చెప్పేది టీచరమ్మే. 2001లో మొదలైన ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు గట్టిగా పట్టుకోబట్టే సెంటర్లు ఇన్నయ్యాయి. ఆ కేసులో 2006 డిసెంబర్ 13న ఇచ్చిన ఉత్తర్వు మన సంఘాలు నోటికి నేర్చుకోవాల్సింది. ఏ వాడలోనైనా ఆరేళ్ళ లోపు పిల్లలు 40 మంది ఉండి, సెంటరు లేకపోతే, జనం అడిగిన మూడు నెలల్లోగా ఇవ్వాలి. ఎస్సీ, ఎస్టీ వాడలకు ముందు ఇవ్వాలి. 2013లో వచ్చిన ఆహార భద్రత చట్టంతో ఆరేళ్ళ లోపు పిల్లల తిండి హక్కు అయింది. ఇవన్నీ పోరాడి తెచ్చుకున్నవే. అయినా 2019లో మన రాష్ట్రంలో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఐదేళ్ళ లోపు పిల్లల్లో 31 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ప్యాకెట్ ఇచ్చినంత మాత్రాన బిడ్డ కడుపులోకి పోదు. ఏడాదిన్నర బిడ్డకు రోజుకు నాలుగైదుసార్లు కొంచెం కొంచెంగా కూర్చోబెట్టి తినిపించాలి. పొద్దున ఆరుకు ఆటో ఎక్కిన తల్లి ఎట్లా తినిపిస్తుంది? బాలామృతం ఇంట్లో ఉంటుంది, తినిపించే చెయ్యి చేనులో ఉంటుంది.

చట్టాలు మాత్రం తల్లి పనిని గుర్తించలేదా అంటే, గుర్తించాయి. 1948 ఫ్యాక్టరీల చట్టం శిశుగృహం పెట్టమంది. మొదట 50 మంది ఆడవాళ్ళకు మించి ఉంటే అన్నారు, 1976లో దాన్ని 30కి తగ్గించారు. 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం 50 మందికి మించిన ఆడ కూలీలు ఉన్నచోట పిల్లలకు గది ఉండాలంది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి, 50 మంది ఉద్యోగులున్న ప్రతి సంస్థలో శిశుగృహం ఉండాలన్నారు. వినడానికి బాగుంది. మన వాళ్ళు పనిచేసేది యాడ? ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు నాపరాయి గనుల్లో, పాలిష్ యూనిట్లలో. ప్రొద్దుటూరులో చిన్న చిన్న మిల్లుల్లో, బట్టల షాపుల్లో, బేల్దారి పనుల్లో. ఒకచోట పదిమంది ఆడవాళ్ళుంటే ఎక్కువ. రిజిస్టర్‌లో అందరి పేర్లూ ఉండవు. చేను గురించి అయితే ఏ చట్టమూ నోరు తెరవలేదు.

ఒక్క ఉపాధి హామీ చట్టం తప్ప. 2006 ఫిబ్రవరి 2న మన పక్క జిల్లా బండ్లపల్లిలో ఆ పథకం మొదలైంది. మొదటి విడత జిల్లాల్లో కడప కూడా ఉంది. పని జరిగే చోట ఆరేళ్ళ లోపు పిల్లలు ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే, కూలీల్లోంచే ఒక ఆడమనిషిని వాళ్ళను చూసుకోవడానికి పెట్టి, ఆమెకూ కూలి ఇవ్వాలని 2005 చట్టంలోనే ఉంది. మన ప్రాంతపు చరిత్రలో, బిడ్డను చూసుకోవడం కూడా పనే, దానికీ కూలి ఉందని ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకున్న చోటు ఇది. దాని విలువ మనమే తెలుసుకోలేదు. పని అడిగినాం, కూలి అడిగినాం, నీడకు టెంట్ అడిగినాం. బిడ్డను చూసే మనిషిని ఎన్ని పనుల దగ్గర అడిగినాం? పిల్లల్ని తెస్తే మేటు కసురుకుంటాడేమోనని, ఎండ తగులుతుందని, తేవడమే మానుకున్నాం. పిల్లలు కనపడకపోతే ఐదుగురి లెక్క కుదరదు. మనిషిని పెట్టరు. మనిషి లేదు కాబట్టి పిల్లల్ని తేలేం. ఏళ్ళ తరబడి ఈ గానుగ చుట్టూనే తిరుగుతున్నాం.

ఇక పెద్దబిడ్డ సంగతి. మన కాలంలో చదువు మాన్పించి తమ్ముడిని ఎత్తుకోమంటే ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది. 2020 జనవరిలో అమ్మ ఒడి మొదలై, డబ్బు రావాలంటే 75 శాతం హాజరు ఉండాలన్నారు. మన ఆడపిల్లలు బడికి పోయినారు. ఇది మన తరం గెలుపు, ఇందులో రెండో మాట లేదు. కానీ బడికి పోయిన ఆ అక్క ఇంట్లో చేస్తున్న పనిని ఎవరు చేయాలి? ఎవరూ ఆలోచించలేదు. నిజానికి మన ఊళ్ళలో శిశుగృహం నడిపింది ఇన్నాళ్ళూ ఆ పదేళ్ళ పిల్లే. ఆమె బడికి పోయినాక ఆ చోటు ఖాళీ అయింది, దాన్ని నింపింది జేజి.

ఆ జేజి కూడా ఇప్పుడు ఖాళీగా లేదు. ఆమెకూ జాబ్ కార్డు ఉంది. మోకాళ్ళ నొప్పులున్నాయి, బీపీ బిళ్ళలున్నాయి. మన జిల్లా నుంచి ఇంటిపనికి కువైట్ పోయిన తల్లుల పిల్లలను అయితే ఏళ్ళకేళ్ళు ఆమే పెంచుతోంది. ఆ తల్లి కువైట్‌లో వేరేవాళ్ళ పిల్లలకు స్నానాలు చేయిస్తుంటే ఆమె బిడ్డకు ఇక్కడ జేజి చేయిస్తుంది. ఫోన్‌లో వీడియో పెట్టి ముఖం చూపిస్తారు. అయ్యా ఇదీ అని ఎవరికి చెప్పాలో తెలియని బాధ. లెక్కల్లో మాత్రం ఇంట్లో పెద్దావిడ ఉంది కాబట్టి ఆ బిడ్డకు సంరక్షణ ఉన్నట్టే.

ఇప్పుడు మన మూడు చోట్ల పరిస్థితి. అన్నీ ఒకటే అనుకుంటే పొరపాటు.

ప్రొద్దుటూరు పక్క కె.సి. కాలువ కింది ఊళ్ళలో నాట్లప్పుడు ఆడవాళ్ళు తెల్లారకముందే సద్ది కట్టుకొని పోతారు. సెంటరు తెరిచేది తొమ్మిదికి. మధ్యలో ఆ మూడు గంటలు బిడ్డ ఎవరి దగ్గర? టౌన్‌లో ఇంకో రకం. షాపుల్లో పనిచేసేవాళ్ళు రాత్రి ఎనిమిది తొమ్మిది దాకా రారు, సెంటరు నాలుగుకే మూస్తారు. అందుకే మూడేళ్ళు నిండీ నిండకుండానే ఎల్‌కేజీలో వేస్తున్నారు. ఇంగ్లీషు కోసమని పైకి చెప్తారు. మనసు విప్పి మాట్లాడితే, వ్యాను ఇంటిముందుకు వస్తుంది, సాయంత్రం దాకా పెట్టుకుంటారు అని చెప్తారు. పొదుపు అప్పులోంచి ఆ ఫీజులు కడుతున్నాం. చదువు ఖర్చు అని రాసుకుంటున్నాం, అందులో సగం బిడ్డను చూసుకునే ఖర్చే.

జమ్మలమడుగులో, ప్రొద్దుటూరులో నేతపని ఇళ్ళున్నాయి. అక్కడ తల్లి బయటకు పోదు, కాబట్టి ఆమెకు ఇబ్బంది లేదని అందరూ అనుకుంటారు. మగ్గం గుంట పక్కన పాకే బిడ్డను పెట్టుకొని కండెలు చుట్టి చూడండి. బిడ్డ నూలు పట్టుకుంటాడు, గుంటలోకి తొంగి చూస్తాడు. కొన్ని ఇళ్ళలో బిడ్డ నడుముకు తాడు కట్టి స్తంభానికి కట్టేస్తారు. మనసొప్పి కాదు, ఆ పూట బారు నేయకపోతే ఆ వారం మజూరీ రాదు. గనుల దగ్గర పరిస్థితి ఇంతకంటే హీనం. రాయి పగిలే చోట, దుమ్ము లేచే చోట ఏ వయసు బిడ్డా ఉండకూడదు. ఉంటున్నారు.

పులివెందుల వైపు చీనీ తోటలు, అరటి తోటలు, చెనిక్కాయ చేలు. పని సొంత ఊళ్ళో దొరకదు, ఆటోలో వేరే మండలానికి పోవాలి. ఆటోలో పిల్లలకు చోటు లేదు. తోట అవతల బిడ్డకు జ్వరం వచ్చిందని ఫోన్ వస్తే తిరిగి రావడానికి బండి సాయంత్రం దాకా లేదు. ఎండాకాలం ఉపాధి పనయితే పొద్దున్నే మొదలై ఎండ ముదిరేలోపే అయిపోతుంది, సెంటరు తలుపు తీసేసరికి సగం పని జరిగిపోయి ఉంటుంది.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మాకు తోచింది ఇది. మన ఊళ్ళలో మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు పగటిపూట కొంత ఏర్పాటు ఉంది. మూడేళ్ళ లోపు బిడ్డకు ఏర్పాటే లేదు. తల్లి పనివేళలకు సరిపోయే ఏర్పాటు ఏ వయసు బిడ్డకూ లేదు. ఊరికో సెంటరు ఉందా అని లెక్క చూస్తే ఉంది. తల్లి పనికి పోయే గంటలో తలుపు తెరిచి ఉందా అని చూస్తే లేదు. ఇన్నేళ్ళూ అధికారులు మొదటి లెక్కే అడిగినారు, మనమూ అదే చెప్పినాం.

ఇక్కడ మన తప్పు కూడా రాసుకోవాలి. 1982లో డ్వాక్రా మొదలైనప్పుడు తొలి జిల్లాల్లో మన కడప ఒకటి. ఒక్కో గ్రూపుకు కేంద్రం, రాష్ట్రం, యునిసెఫ్ కలిసి 15 వేల రూపాయల రివాల్వింగ్ ఫండ్ ఇచ్చేవి. ముడిసరుకు కొనుక్కోవడానికి, సరుకు అమ్ముకోవడానికి, పిల్లల సంరక్షణకు ఆ డబ్బు వాడుకోవచ్చని ఆ పథకంలో ఉండేది. మళ్ళీ చదవండి, పిల్లల సంరక్షణకు. మనం బర్రెలు కొన్నాం, గొర్రెలు కొన్నాం, అంగళ్ళు పెట్టినాం. తప్పు లేదు, అప్పుడు ఆకలి అంత ఉండింది. కానీ పిల్లల మాట ఆ రోజే పక్కకు పోయింది. పాత తీర్మానాల పుస్తకాలు తిరగేస్తే ఎవరు ఎంత కట్టింది, ఎవరు ఎగ్గొట్టింది, ఎవరికి పాలిచ్చే బర్రె వచ్చింది, అన్నీ ఉన్నాయి. సభ్యురాలు మీటింగుకు వచ్చినప్పుడు బిడ్డ యాడుందో ఒక్క పేజీలోనూ లేదు. ఒక పుస్తకంలో మాత్రం, మీటింగులో పిల్లల అల్లరి ఎక్కువగా ఉన్నందున ఇకపై పిల్లలను తీసుకురావద్దని తీర్మానం కనపడింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇందిర క్రాంతి పథం రోజుల్లో రాష్ట్రంలో కొన్ని మండలాల్లో గ్రామ సంఘాలే పోషకాహార, డే కేర్ కేంద్రాలు నడిపాయి. గర్భిణులు, బాలింతలు, చిన్నపిల్లలు అక్కడే తినేవాళ్ళు. కొంత గ్రాంటు, కొంత తిన్నవాళ్ళ వాటా. సంఘం ఆడవాళ్ళే వండి, వాళ్ళే లెక్క రాశారు. 2013లో ఇందిరమ్మ అమృత హస్తం పేరుతో అంగన్‌వాడీలోనే ఒకపూట భోజనం వచ్చింది, ఆ సంఘాల కేంద్రాల మాట తగ్గిపోయింది. భోజనం మిగిలింది, డే కేర్ అన్న రెండో ముక్క రాలిపోయింది. చూశారా, మళ్ళీ గిన్నె దగ్గరికే వచ్చినాం.

మరి ఏం చేయాలి అని మీటింగులో పెద్ద వాదనే జరిగింది. సెంటరును పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా తెరవమని అర్జీ పెడదామని ఎక్కువమంది అన్నారు. అప్పుడు మనలోనే సభ్యురాలైన ఒక టీచరమ్మ లేచింది. తన బిడ్డ ఇప్పుడు అమ్మగారింట్లో పెరుగుతోందని చెప్పింది. సమ్మె నాటికి టీచరుకు నెలకు 11,500, ఆయాకు 7,000. గ్రాట్యుటీ ఇవ్వాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పినా, దాని కోసమూ రోడ్డు మీద కూర్చోవాల్సి వచ్చింది. పొద్దున ఫోన్‌లో ఫోటోలు ఎక్కించాలి, రిజిస్టర్లు రాయాలి, సర్వేలు చేయాలి. "మీ బిడ్డల్ని ఇంకో ఐదు గంటలు చూస్తాను అక్కా, ఆ ఐదు గంటలు నా బిడ్డను మీలో ఎవరు చూస్తారు?" అని అడిగింది. ఎవరూ మాట్లాడలేదు.

అందుకని ఈ భారం ఆమె నెత్తిన పెట్టే అర్జీకి మేము ఒప్పుకోలేదు. ఒకామె పిల్లల్ని ఇంకొకామె తక్కువ జీతానికి చూసుకోవడం పరిష్కారం కాదు, ఇబ్బందిని ఇంకో ఇంటికి తోసేయడమే. వేరే మనిషి, వేరే జీతం ఉండాలి. దానికి దారులు లేకపోలేదు. గుజరాత్‌లో ఇలా భట్ 1972లో మొదలుపెట్టిన సేవా సంస్థలోని పేద ఆడవాళ్ళు, పిల్లలను చూసుకునేవాళ్ళ కోసమే సంగిని అనే సహకార సంఘం పెట్టుకొని, తల్లుల పనివేళలకు తగ్గట్టు కేంద్రాలు నడుపుతున్నారు. కర్ణాటకలో 2023లో కూసిన మనె అని, అంటే పసిబిడ్డ ఇల్లు, మూడేళ్ళ లోపు పిల్లలకు పంచాయతీల్లో మొదలుపెట్టారు. ఉపాధి హామీ కుటుంబాల ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చి పెట్టుకుంటున్నారు. కేంద్రం కూడా 2022 నుంచి పాల్నా పేరుతో అంగన్‌వాడీలోనే శిశుగృహం పెట్టవచ్చంటోంది. ఆరు నెలల నుంచి ఆరేళ్ళ పిల్లలు, నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు, దానికి వేరే కార్యకర్త, వేరే సహాయకురాలు. ఏడున్నర గంటలు మన నాట్లకు, ఆటోకు చాలవు. అయినా మూడేళ్ళ లోపు బిడ్డకు తలుపు తెరుచుకుంటుంది.

పొదుపు డబ్బుతో మనమే పెట్టుకుందామని కొందరన్నారు. మేము దానికి వెనకాడుతున్నాం. ప్రభుత్వం ఇవ్వాల్సినదాన్ని మన వడ్డీ డబ్బుతో నడిపితే, రేపు దాన్ని అడిగే హక్కు మనమే వదులుకున్నట్టు. ఈ మాటను అందరూ ఒప్పుకోలేదు. బిడ్డ పెరగడం ఆగదు కదా, అర్జీకి జవాబు వచ్చేసరికి నా బిడ్డ బడికి పోతుంది అని చిన్న వయసు సభ్యులు అన్నది నిజమే. వాదన ఇంకా తెగలేదు, వచ్చే ఏడాది పుస్తకంలో ఏమైందో రాస్తాం.

తెగినవి మూడున్నాయి. ఒకటి, ప్రతి గ్రామ సంఘం తన ఊళ్ళో ఆరేళ్ళ లోపు పిల్లల పేర్లు, తల్లి పనికి పోయే గంట, వచ్చే గంట, ఆ మధ్యలో బిడ్డ ఎవరి దగ్గర ఉంటుందో రాయాలి. సెంటరు లేని వాడలో లెక్క 40 దాటితే 2006 ఉత్తర్వు చూపించి అడగాలి. రెండు, ఉపాధి పనికి పిల్లలను తేవాలి. ఐదుగురు ఉన్న రోజున ఆ పేర్లు రాసి, చూసుకునే మనిషిని పెట్టమని ఫీల్డ్ అసిస్టెంటుకు రాతలో ఇవ్వాలి, నోటిమాటగా కాదు. మూడోది చిన్నది. మన సమాఖ్య ఆఫీసులో పాత కుర్చీలు పడేసిన వెనక గది ఉంది కదా. కుర్చీలు తీసేసినాం. మీటింగు రోజు ఒకరు వంతుగా అక్కడ కూర్చుంటారు. ఆమెకు ఆ పూట కూలి సమాఖ్య ఖాతాలోంచి ఇస్తాం, అది ఖర్చు పద్దులో "పిల్లల సంరక్షణ" అని వేరేగా రాస్తాం. పోయిన నెల మొదటి మీటింగుకు దూలానికి పాత చీరతో ఉయ్యాల కట్టినాం. పులివెందుల బిడ్డ దాంట్లో నిద్రపోయింది. తల్లి మీటింగు అయ్యేదాకా ఒక్కసారి కూడా లేచి చూడలేదు, తీర్మానాల పుస్తకం తనే రాసింది.